ఇంటి బీమా మానేద్దామనుకున్నాను

మా ఇంటి బీమా ప్రతి జూన్‌లో రెన్యువల్‌కు వస్తుంది. ఐదేళ్లుగా ఆ సంగతి నేను పెద్దగా పట్టించుకున్నది లేదు. ఫోనుకు మెసేజ్ వచ్చేది, డబ్బు కట్టేదాన్ని, రసీదు ఒక ఫైలులోకి వెళ్లేది. ఈసారి వచ్చిన మెసేజ్‌ను మాత్రం రెండుసార్లు చదివాను. నిరుడు జీఎస్టీతో కలిపి 4,130 రూపాయలు కట్టిన పాలసీకి ఈ ఏడు 11,564 రూపాయలు కట్టమన్నారు. ఎక్కడో ఒక అంకె తప్పు పడిందేమో అనుకుని కంపెనీ వెబ్‌సైటులో చూస్తే అక్కడా అదే కనబడింది. మావారు టీవీ మీది నుంచి చూపు తిప్పకుండానే "మానేయ్" అన్నారు. నిజం చెప్పాలంటే ఆయన ఆ మాట అనేసరికే నేను మానేయాలని సగం నిర్ణయించుకుని ఉన్నాను. ఆ తరువాత మూడు వారాల పాటు దాని మీదే కూర్చుని లెక్కలు వేసి, నలుగురిని అడిగి, పాలసీ కాగితాలను మొదటిసారి పూర్తిగా చదివి, చివరికి ఏం చేశానో ఇక్కడ రాస్తున్నాను. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పినదాన్ని నా ఇంటి లెక్క ఇన్నాళ్లూ చూసుకోలేదన్న సిగ్గు కూడా ఇందులో కొంత ఉంది.

మా ఇల్లు హంటర్ రోడ్డు నుంచి లోపలికి వచ్చే ఒక కాలనీలో ఉంది. 200 గజాల స్థలం, 2009లో కట్టిన స్లాబు ఇల్లు, కింద మేము, పైన కొడుకు కుటుంబం. బొందివాగు పొంగితే ఇటువైపు కాలనీలు మునుగుతాయని వరంగల్‌లో ఎవరిని అడిగినా చెబుతారు. 2023 జూలై చివర్లో ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో దాదాపు 65 సెంటీమీటర్ల వాన పడి, మోరంచవాగు మోరంచపల్లిని ముంచెత్తి, ఇక్కడ భద్రకాళి చెరువు కట్టకు గండి పడిన ఆ రోజుల్లో కూడా నీళ్లు మా మూడో మెట్టు దగ్గర ఆగిపోయాయి. మా ఇల్లు కాస్త ఎత్తు మీద ఉందని అప్పుడు మేము లోలోపల కొంచెం గర్వపడ్డాము కూడా. 2025 అక్టోబరు చివర్లో మొంథా తుఫాను వచ్చినప్పుడు ఆ గర్వం పోయింది. నీళ్లు గేటు నుంచి రాలేదు. ముందు బాత్‌రూమ్ జాలీలోంచి, ఆ తరువాత వంటింటి సింకు కింది నుంచి నల్లగా ఉబికి వచ్చి, అరగంటలో మోకాళ్ల దాకా నిలిచాయి. బియ్యం బస్తాను ఎత్తి డైనింగ్ టేబుల్ మీద పెట్టిన నిమిషంలోనే ఇన్వర్టర్ బ్యాటరీ మునిగి చీకటైపోయింది. తెల్లారి చూస్తే తూర్పు వైపు ప్రహరీ గోడ పక్కింటి జామచెట్టు మీదికి ఒరిగి ఉంది.

అప్పుడు ఈ పాలసీ ఉన్న విషయం గుర్తొచ్చింది. నష్టం అంచనా వేసే సర్వేయర్ నాలుగో రోజు వచ్చాడు. చిన్నవాడు, మా పెద్దవాడి వయసు ఉంటుందేమో. ప్రతి గదిలో గోడ మీద తేమ గీతను టేపుతో కొలిచి, ఫోటో తీసి, తలుపుల అడుగు భాగాన్ని గోటితో గీకి చూసి, ఫ్రిజ్ వెనుక ఉన్న స్టిక్కరు మీది నంబరు రాసుకున్నాడు. మేము 2,86,000 రూపాయలు అడిగితే మూడున్నర నెలలకు 2,08,000 రూపాయలు వచ్చాయి. కోత పడిన 78,000 రూపాయల్లో నాకు కోపం తెప్పించినది ఒక్కటీ లేదని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఉబ్బిపోయిన ఫ్లష్ డోర్లకు బదులు మేము వాటికంటే ఖరీదైన డబ్ల్యూపీసీ (చెక్కపొడి, ప్లాస్టిక్ కలిపి చేసే) తలుపులు వేయించి ఆ బిల్లు పెట్టాము. వాళ్లు ఫ్లష్ డోరు ధర మాత్రమే ఇచ్చారు, అక్కడ 31,000 పోయాయి. పైపోర్షన్ గోడకు ఉన్న చెమ్మ వానకు ముందు నుంచే ఉన్నదని సర్వేయర్ గుర్తుపట్టాడు, అది 28,000. వంట సామాను, స్కూటీ రిపేరు కలిపి 19,000. స్కూటీకి దాని బీమా దానికి ఉంటుందన్న సంగతి తెలిసి కూడా నేను రాసేశాను. బీమా అంబుడ్స్‌మన్ (పాలసీదారుల ఫిర్యాదులు వినే అధికారి) హైదరాబాద్‌లో ఉంటారనీ, 50 లక్షల లోపు వివాదాలను ఫీజు లేకుండా విచారిస్తారనీ మా కొలీగ్ ఒకాయన ఊదరగొట్టాడు గానీ, ఈ మాత్రానికి వెళ్తే నాకే నవ్వొస్తుందని ఊరుకున్నాను.

కాబట్టి పాలసీ మీద నాకున్న ఫిర్యాదు క్లెయిం గురించి కాదు, క్లెయిం తరువాత వచ్చిన ధర గురించి. కారణం చెప్పమని కంపెనీకి ఉత్తరం రాస్తే రెండు వాక్యాల జవాబు వచ్చింది: గత క్లెయిం, ఇల్లు ఉన్న ప్రదేశం. అందులో అబద్ధం లేదు. 2007 జనవరి 1కి ముందు అగ్నిబీమా రేట్లు అన్ని కంపెనీలకూ టారిఫ్ (ముందే నిర్ణయించిన రేట్ల పట్టిక) ప్రకారం ఒకేలా ఉండేవి. ఆ తరువాత కంపెనీలు పోటీ పడి డిస్కౌంట్లు ఇచ్చాయి, ఆ చౌక ధరకే మనం అలవాటు పడ్డాము. కంపెనీలు కూడా తమ నష్టాలను రీఇన్సూరెన్స్ సంస్థల దగ్గర బీమా చేసుకుంటాయి. అక్కడ ధర పెరిగినా, ఒక ప్రాంతంలో వరుసగా క్లెయిములు వచ్చినా ఆ భారం తిరిగి మన రసీదు మీదికే వస్తుంది.

ఎదురింటి పెద్దాయన వాదన వేరు. ఆయన ఇంట్లో కూడా అదే రాత్రి అన్ని నీళ్లే వచ్చాయి, ఆయనకు బీమా లేదు, కాలనీలో నాకు తెలిసి మరెవరికీ లేదు. "టీచరమ్మా, గీ పైసలు చీటీల ఏసుకుంటె ఐదేండ్లకు గోడ నువ్వే కట్టుకోవచ్చు, వాణ్ని బతిమాలుడెందుకు" అన్నాడు. ఈ మాటను తేలిగ్గా తీసివేయడానికి లేదు. సొంత డబ్బును సొంత నష్టానికి దాచుకోవడం కూడా ఒక రకం బీమానే, పైగా అందులో సర్వేయర్ లేడు, కోత లేదు, నష్టం రాకపోతే డబ్బు మనదే. అందుకని చీటీ పాటల హెచ్చుతగ్గులు పక్కన పెట్టి బ్యాంకు డిపాజిట్ లెక్కే వేసి చూశాను. ఏటా 11,564 రూపాయలు ఆరున్నర శాతం వడ్డీకి వేసుకుంటూ పోతే పదేళ్లకు సుమారు లక్షా అరవై ఆరు వేలు అవుతాయి. మొన్న మాకు జరిగిన నష్టం ఒక్కసారికే 2,86,000. అంటే పదేళ్లలో ఒక్కసారి ఇలాంటి నీళ్లు వచ్చినా దాచిన డబ్బు చాలదు, కానీ మరీ ఘోరంగా కూడా ఏమీ ఉండదు. మిగతాది పీఎఫ్ నుంచో, కొడుకు దగ్గర నుంచో సర్దుకోవచ్చు. ఎదురింటాయన సర్దుకున్నాడు కదా. ఇక్కడి వరకు ఆయనదే గెలుపు.

అదే లెక్కను ఇంకొంచెం ముందుకు నడిపించాను. నీళ్లు కాకుండా నిప్పు వస్తే? మా ఇంటిని ఇప్పుడు మళ్లీ కట్టాలంటే 44 లక్షలు అవుతుందని మా మేస్త్రీ చెప్పిన లెక్క (అది ఎలా వచ్చిందో కింద రాస్తాను). అదే డిపాజిట్‌లో ఏటా అదే డబ్బు వేసుకుంటూ 44 లక్షలకు చేరాలంటే యాభై ఏళ్లు దాటాలి. నాకు ఇప్పుడు యాభై తొమ్మిది.

వరంగల్‌లో ఇంటి బీమా అనగానే అందరం నీళ్ల గురించే మాట్లాడతాము, ఎందుకంటే మనం చూసింది అదే. కానీ స్లాబు ఇంటిని మోకాళ్ల లోతు నీళ్లు పడగొట్టవు. తలుపులు, వైరింగ్, సున్నం, ప్రహరీ గోడ, సామాను పాడుచేస్తాయి. ఇల్లంతా పోయేది గ్యాస్ పేలినప్పుడో, ఏసీ దగ్గర షార్ట్ సర్క్యూట్ అయి ఎవరూ లేని వేళ అంటుకున్నప్పుడో, భూమి కదిలినప్పుడో. 2024 డిసెంబరు 4 ఉదయం ఏడున్నర కావస్తుండగా ములుగు వైపు 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. నేను స్టౌ మీద పాలు పెట్టి నిలబడి ఉన్నాను. గిన్నెలోని పాలు ఒక వైపుకు ఒరిగి మళ్లీ సర్దుకోవడం, షెల్ఫ్‌లో స్టీలు గ్లాసులు గలగలమనడం నాకు ఇప్పటికీ కళ్ల ముందున్నాయి. ఏమీ కాలేదు, ఆ మధ్యాహ్నానికి అందరం నవ్వుకున్నాము. కానీ 1969లో భద్రాచలం ప్రాంతంలో వచ్చినదాన్ని మా నాన్న చెప్పేవాడు గనుక, గోదావరి పరీవాహకంలో భూమి అసలు కదలదని నేను అనుకోలేను.

ఇక్కడే నాకు విషయం అర్థమైంది. నేను భరించగలిగిన నష్టం నీళ్లది. భరించలేనిది నిప్పుది, భూకంపానిది. ప్రీమియం పెంచింది మాత్రం నీళ్లు. నేను భరించగలిగిన దాని మూలంగా ధర పెరిగిందని కోపం తెచ్చుకుని, భరించలేని దానికున్న రక్షణను వదులుకోబోయాను. నీళ్లను తీసేసి నిప్పుకు మాత్రమే బీమా ఇవ్వండి అని అడగవచ్చు కదా అనిపిస్తుంది, నేనూ అడిగాను. మాకున్నది 2021 ఏప్రిల్ 1 నుంచి అన్ని సాధారణ బీమా కంపెనీలూ తప్పనిసరిగా అమ్మాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిర్దేశించిన భారత్ గృహ రక్ష పాలసీ. అందులో అగ్ని, పేలుడు, పిడుగు, భూకంపం, తుఫాను, వరద, అల్లర్లు అన్నీ ఒకే మూటగా ఉంటాయి. మూట విప్పి కావలసినది ఏరుకునే వీలు లేదని మా కంపెనీవాళ్లు చెప్పారు.

ప్రభుత్వం ఇస్తుంది కదా అన్నవాళ్లూ ఉన్నారు. విపత్తు సహాయ నిధి 2022-26 నిబంధనల ప్రకారం మైదాన ప్రాంతంలో పక్కా ఇల్లు పూర్తిగా కూలితే 1,20,000 రూపాయలు, పాక్షికంగా దెబ్బతింటే 6,500 రూపాయలు. 2024 సెప్టెంబరు వరదలకు ఖమ్మం, మహబూబాబాద్ వైపు మునిగిన ఇళ్లకు రాష్ట్రం 16,500 రూపాయలు ఇచ్చింది. రెక్కాడితే డొక్కాడే కుటుంబానికి ఆ పూటకు అది పెద్ద ఆసరా, ఆ డబ్బును నేను తక్కువ చేయను. కానీ 44 లక్షల ఇంటికి దాన్ని బీమా అనుకుంటే మనల్ని మనం మోసం చేసుకున్నట్టే. గ్యాస్ కంపెనీల బీమా సంగతీ అంతే: సిలిండర్ ప్రమాదంలో నమోదిత వినియోగదారు ఇంటి ఆస్తి నష్టానికి అందులో ఉన్న పరిమితి రెండు లక్షలు.

ఈ మధ్యలో డల్లాస్‌లో ఉన్న మా తమ్ముడు ఫోన్ చేశాడు. ఆదివారం పొద్దున మాకు, శనివారం రాత్రి వాడికి. వాడి ఇంటి బీమా ఐదేళ్లలో ఏడాదికి 2,400 డాలర్ల నుంచి 5,100 డాలర్లకు చేరిందట. అక్కడ వాడి భయం వరద కాదు, వడగళ్లు. టెక్సాస్‌లో వడగళ్ల వానకు పైకప్పులు చిల్లులు పడి ఏటా ఏదో ఒక ఊళ్లో వేల ఇళ్లకు కప్పులు మార్చాల్సి వస్తుంది. పైగా గాలి, వడగళ్ల నష్టం జరిగితే బీమా మొత్తంలో రెండు శాతం దాకా వాడే భరించాలి. ఇంటి బీమా మొత్తం ఐదు లక్షల డాలర్లయితే మొదటి పది వేలు వాడి జేబు నుంచే పోతాయి. నేను మానేద్దామనుకుంటున్నానని చెబితే వాడు నవ్వి, "నీకు మానేసే వీలన్నా ఉందక్కా, నాకు అది కూడా లేదు" అన్నాడు. ఇంటి అప్పు ఉన్నంత కాలం బీమా ఉండి తీరాలి. వాడు ఆపేస్తే అప్పిచ్చిన సంస్థే తనకు నచ్చిన పాలసీని అంతకంటే ఎక్కువ ధరకు తీసుకుని ఆ డబ్బును వాడి వాయిదాలో కలుపుతుంది, ఆ పాలసీ కాపాడేది కూడా ప్రధానంగా అప్పిచ్చినవాడినే. మన దగ్గర కూడా హోమ్ లోన్ నడుస్తున్నవారు ఈ చర్చలోకి రాకముందే తమ లోన్ అగ్రిమెంటు తీసి చూసుకోవాలి. బీమా ఉండాలని అందులో సాధారణంగా రాసే ఉంటుంది. అయితే ఫలానా కంపెనీలోనే తీసుకోవాలని బ్యాంకు పట్టుబట్టడానికి లేదు, ఇది చాలామందికి తెలియదు. మా లోన్ 2022లో తీరిపోయింది గనుక మానేసే స్వేచ్ఛ నాకుంది, ఆ స్వేచ్ఛే నన్ను ఈ మూడు వారాలు తిప్పలు పెట్టింది.

ఇక నేను చేసిన అతి పెద్ద పొరపాటు గురించి. మానేయడానికి ముందు ఒకసారి పాలసీ చదువుదామని కూర్చుంటే రెండో పేజీలో భవనం బీమా మొత్తం 85 లక్షలు అని కనబడింది. ఐదేళ్ల కింద ఫారం నింపిన ఏజెంటు "ఇల్లు ఎంత పలుకుతుంది మేడం" అని అడిగితే మావారు చెప్పిన సంఖ్య అది. అది స్థలంతో కలిపిన ధర. నిప్పు పెట్టినా, నీళ్లు ముంచినా 200 గజాల స్థలం ఎక్కడికీ పోదు; దానికి బీమా లేదు, ఉండదు. ఈ పాలసీలో భవనం బీమా మొత్తం అంటే కార్పెట్ ఏరియాను (బయటి గోడలు పోను లోపల వాడుకునే నేలను) ఈనాటి నిర్మాణ ఖర్చుతో గుణించినది, అంతే. మా ఇంటికి కింద, పైన కలిపి 2,100 చదరపు అడుగులు. పాత మేస్త్రీని పిలిచి అడిగితే ఇదే రకం ఇల్లు ఇప్పుడు కట్టడానికి చదరపు అడుగుకు 2,000 అవుతుందన్నాడు. 42 లక్షలు. ప్రహరీ గోడ, గేటు, సంపు, సెప్టిక్ ట్యాంకులకు ఇంకో రెండు లక్షలు. ఇవి కూడా ఈ పాలసీలో భవనం కిందికే వస్తాయి, మా గోడ డబ్బు అలాగే వచ్చింది. మొత్తం 44 లక్షలు. అంటే ఐదేళ్లుగా ఎన్నటికీ ఇవ్వని 41 లక్షలకు నేను ప్రీమియం కడుతూ వచ్చాను. క్లాసులో ఏ పిల్లవాడైనా ప్రశ్న చదవకుండా జవాబు రాస్తే నేను ఏమనేదాన్నో నాకు గుర్తుంది.

సంఖ్య తగ్గిస్తే సామాను బీమా కూడా తగ్గుతుందేమోనన్నది నా తరువాతి భయం. మొన్న ఎక్కువ నష్టం సామానుకే జరిగింది మరి. భవనం, సామాను రెండూ కలిపి తీసుకుంటే భవనం మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా పది లక్షల వరకు సామానుకు దానంతటదే రక్షణ వస్తుంది. 85 లక్షల మీద 20 శాతం 17 లక్షలైనా పరిమితి వల్ల పది లక్షలే వచ్చేది. 44 లక్షల మీద 8,80,000 వస్తుంది. మా ఇంట్లో నగలు కాకుండా అంత సామాను లేదు. నగలు బ్యాంకు లాకరులో ఉన్నాయి, వాటి సంగతి వేరే.

అలాగని మొత్తాన్ని మరీ తగ్గించి రాయడం నాకు ఇష్టం లేదు. పాత అగ్నిబీమా పాలసీల్లో విలువ తక్కువ చూపితే క్లెయింలో కూడా అదే నిష్పత్తిలో కోత వేసేవారు. భారత్ గృహ రక్షలో ఆ నిష్పత్తి కోత తీసివేశారు. దాన్ని చూసి మావారు "ఇరవై లక్షలు రాయి, సగం అవుతుంది" అన్నారు. కోత లేకపోవచ్చు గానీ ఇల్లంతా పోయినప్పుడు చేతికి ఇరవై లక్షలే వస్తాయి కదా. నేను కొంటున్నదే ఆ రోజు కోసం.

మూడో వారంలో వేరే కంపెనీ ఏజెంటు ఒకతను ఇంటికి వచ్చాడు. 44 లక్షలకు మా పాత కంపెనీ కంటే కొంచెం తక్కువే చెప్పాడు. ఫారంలో "గత మూడేళ్లలో ఏదైనా నష్టం లేదా క్లెయిం ఉందా" అన్న గడి దగ్గర పెన్ను ఆపాను. "లేదు అని టిక్ పెట్టుండ్రి మేడం, ఎవరు చూస్తరు" అన్నాడు, ఎంతో ఆప్యాయంగా. ఆ గడిలో అబద్ధం రాస్తే కంపెనీ ప్రీమియం తీసుకునేటప్పుడు ఎవరూ చూడకపోవచ్చు. 44 లక్షలు ఇవ్వాల్సి వచ్చిన రోజున తప్పకుండా చూస్తారు, చూసి పాలసీయే చెల్లదంటారు. ఉంది అని టిక్ పెట్టి ఇచ్చాను. వారం తరువాత అతని కంపెనీ ధర కూడా పాత కంపెనీ ధరకు దాదాపు సమానమైంది. బీమా లేకుండా ఉండటం కంటే ప్రమాదకరమైనది ఒకటుంటే అది అబద్ధం మీద నిలబడిన బీమా. ఏటా డబ్బూ పోతుంది, ఆపద నాడు ఏమీ రాదు.

నా లెక్కల బుర్రకు మధ్యలో ఒక కొంటె ఆలోచన కూడా వచ్చింది. 2024 జూన్‌లో ఐఆర్‌డీఏఐ ఇచ్చిన ఆదేశాల ప్రకారం, క్లెయిం లేకపోతే పాలసీని ఎప్పుడైనా రద్దు చేసుకుని మిగిలిన కాలానికి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. అలాంటప్పుడు ఏటా జూన్‌లో తీసుకుని, వానలు వెళ్లాక నవంబరులో రద్దు చేస్తే? సగానికి సగం మిగులుతుంది. నాకు నేనే చాలా తెలివైనదాన్నని అనుకుంటూ ఒక రాత్రి పడుకున్నాను. షార్ట్ సర్క్యూట్ ఏప్రిల్ ఎండల్లో, ఏసీలు పగలూ రాత్రీ నడిచే రోజుల్లోనే ఎక్కువ భయమనీ, భూకంపం వచ్చింది డిసెంబరులో అనీ పొద్దున్నే గుర్తొచ్చింది.

ఎవరికైనా బీమా మానేయడం సబబు అవుతుందా అంటే, అవుతుంది. పరకాలలో మా అత్తగారి ఇల్లు ఉంది. మట్టి గోడలు, బెంగుళూరు పెంకులు, వెనుక పాడుబడిన కొట్టం. అక్కడ విలువంతా స్థలానిదే. ఇల్లు కూలితే మేము దాన్ని అలాగే మళ్లీ కట్టబోము. దానికి బీమా చేయించాలన్న ఆలోచన నాకు ఎన్నడూ రాలేదు, ఇప్పుడూ రాదు. అలాగే నాలుగైదు ఇళ్లు ఉండి అద్దెల మీద బతికేవారు ఒక ఇల్లు పోయినా తట్టుకోగలరు, వారి లెక్క వేరు. కానీ జీవితమంతా సంపాదించినది ఒక్క ఇంటిలో పెట్టి, అందులోనే ఉంటూ, దాన్ని మళ్లీ కట్టడానికి చేతిలో డబ్బు లేనివారు ప్రీమియం పెరిగిందని మానేయడాన్ని నేను ఇప్పుడు సమర్థించలేను. మా కాలనీలో ఎక్కువమంది ఆ కోవలోనివారే, వారిలో నేనూ ఒకదాన్ని.

ధర మాత్రం నిజంగానే పెరిగింది, ఆ విషయం దాచను. నిరుడు జీఎస్టీ కాకుండా 85 లక్షలకు 3,500 కట్టాను, అంటే బీమా మొత్తంలో ప్రతి వెయ్యి రూపాయలకు 41 పైసలు. ఈ ఏడు అదే వెయ్యికి రూపాయి 15 పైసలు. 44 లక్షలకు దిద్దించాక నేను కట్టింది 5,060, దాని మీద 18 శాతం జీఎస్టీతో 5,971 రూపాయలు. అడిగిన దానిలో దాదాపు సగం అయినా, నిరుడు కట్టిన దానికంటే ఎక్కువే. వచ్చే ఏడు వెయ్యికి రెండు రూపాయలు అడిగినా కడతాను, ఐదు రూపాయలు అడిగితే మళ్లీ కూర్చుని ఆలోచిస్తాను. ఇందులో నాకు దొరికిన నిజమైన ఊరట వేరే ఉంది: మిగిలిన డబ్బుకు కొంచెం కలిపి నెలకు 500 రూపాయల రికరింగ్ డిపాజిట్ తెరిచాను, అది నీళ్ల కోసం. ఈసారి మోకాళ్ల లోతు లోపల ఏదైనా వస్తే ముందు అందులోంచే తీస్తానని, చిన్న నష్టానికి క్లెయిం పెట్టి రేటు మళ్లీ పెంచుకోనని అనుకున్నాను. ఎదురింటాయనకు ఈ మాట చెబితే, "మరి నా చీటీ మాటనే ఇన్నట్టు కదా" అన్నాడు. సగం విన్నానని చెప్పాను. ఆయన ఫారం అడిగాడు గానీ ఇంతవరకు నింపలేదు.

జూన్ మొదటి వారంలో కొత్త పాలసీ వచ్చింది. ఈసారి మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పెన్సిలు పట్టుకుని చదివాను. మొత్తాలు సరిగానే ఉన్నాయి. ఇంటి నంబరు మాత్రం మున్సిపాలిటీ వాళ్లు మార్చక ముందున్న పాతది పడింది. రేపు ఎవరో ఈ కాగితం పట్టుకుని వచ్చి ఈ ఇల్లు ఆ ఇల్లు కాదంటారేమోనన్న భయంతో, కొత్త ఇంటి పన్ను రసీదు జతచేసి అదే రోజు మెయిల్ పంపాను. ఆరు రోజులైంది, జవాబు ఇంకా రాలేదు. రేపు సోమవారం ఆఫీసుకే వెళ్లి అడగాలనుకుంటున్నాను.